కిరణం ఎంత వెడల్పు ఉండాలి?

లేజర్ అనగానే తిన్నగా, ఎంత దూరం పోయినా అదే సన్నదనంతో సాగే వెలుగు గీత మన కళ్ళకు కడుతుంది. తరగతి గదిలో గోడ మీద పడిన ఎర్రచుక్కను చూసి ఏర్పడిన నమ్మకం అది. గోడ పదడుగుల దూరంలో ఉన్నంతవరకు దానికి ఢోకా లేదు. గోడకు బదులు వెయ్యి కిలోమీటర్ల అవతల పరిగెడుతున్న ఉపగ్రహం ఉంటే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది.

రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో బయల్దేరిన 1550 నానోమీటర్ల పరారుణ లేజర్ కిరణం వెయ్యి కి.మీ. పోయేసరికి దాదాపు కిలోమీటరు వెడల్పుకు పరుచుకుంటుంది. అదే కిరణాన్ని ముందుగానే లెన్సులతో 10 సెం.మీ. వెడల్పు చేసి వదిలితే, అంత దూరానా దాని వెడల్పు సుమారు 20 మీటర్లే. సన్నగా బయల్దేరింది దూరాన లావైపోతుంది, లావుగా బయల్దేరింది దూరాన సన్నగా నిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు తిరకాసుగా తోచే ఈ సంగతికి మూలం వివర్తనం. కాంతి తరంగం. తరంగాన్ని ఎంత ఇరుకు చోటులోంచి పంపితే అంతగా పక్కలకు విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే కోణం తరంగదైర్ఘ్యానికి అనులోమంగా, కిరణం వెడల్పుకు విలోమంగా ఉంటుంది. ఎంత ఖరీదైన లేజర్ కొన్నా ఈ నియమం నుంచి తప్పించుకోలేం.

పది సెంటీమీటర్ల కిరణం విచ్చుకునే కోణం 20 మైక్రోరేడియన్లు. కిలోమీటరు అవతల నిలబడిన మనిషి చేతిలోని రూపాయి బిళ్ళ మన కంటి దగ్గర చేసే కోణం అది. ఉపగ్రహంతో కాంతి ద్వారా మాట్లాడే గ్రౌండ్ స్టేషన్‌కు ఆప్టిక్స్ డిజైన్ చేయడమంటే, నా దృష్టిలో, మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రశ్న చుట్టూ తిరగడం. ఈ కోణం ఎంత ఉండాలి? మరీ చిన్నదైతే కిరణం ఉపగ్రహానికి తగలదు. మరీ పెద్దదైతే తగిలిన వెలుగు చాలదు. అద్దాలు, లెన్సులు, పూతలు, మోటార్లు, గొట్టం ఏ లోహంతో చేయాలన్న మీమాంస అన్నీ ఈ ఇరుకులోంచే పుడతాయి. ఈ ఇరుకును చేత్తో తడిమి చూసే అవకాశం ఒక డిగ్రీ విద్యార్థికి దొరకడం గొప్ప సంగతి. ఈ అధ్యాయంలో అలాంటి విద్యార్థి వెంట నడుద్దాం.

పెర్త్‌లో ఒక మేడ మీద

ఆస్ట్రేలియా పడమటి తీరాన పెర్త్ నగరం ఉంది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో భౌతికశాస్త్ర విభాగం మేడ మీద 70 సెం.మీ. అద్దమున్న టెలిస్కోప్ ఒకటుంది. నక్షత్రాలను చూడడం దాని పని కాదు, ఉపగ్రహాలు పంపే లేజర్ కాంతిని పట్టడం దాని పని. దాన్ని నడిపేది టెరానెట్ అనే బృందం. పెర్త్‌కు ఉత్తరాన మింగెన్యూలో మరో కేంద్రం, వాహనం మీద ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగే ఇంకో కేంద్రం ఈ కూటమిలో ఉన్నాయి. మూడెందుకంటే, రేడియోలా కాదు, కాంతికి మబ్బు అడ్డం. ఒక ఊళ్ళో మబ్బు పడితే ఇంకో ఊరు అందుకోవాలి.

2024 జులైలో ఈ కేంద్రాల్లో రెండు జర్మనీ ఉపగ్రహం ఒకదాని నుంచి లేజర్ కాంతిని అందుకున్నాయి. ఆ ఉపగ్రహం పేరు ఫ్లయింగ్ ల్యాప్‌టాప్. దాదాపు 110 కిలోల ఆ ఉపగ్రహాన్ని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ఎక్కువ భాగం విద్యార్థులు, పరిశోధక విద్యార్థులే తయారుచేశారు. 2017 జులైలో అది కక్ష్యకు చేరింది. దాని మీద జర్మనీ అంతరిక్ష సంస్థ రూపొందించిన ఒసైరిస్ అనే చిన్న లేజర్ పరికరముంది. అందులో లేజర్‌ను అటూ ఇటూ తిప్పే అద్దం లేదు. నేల వైపు గురిపెట్టాలంటే ఉపగ్రహం మొత్తం తిరగాలి. అలా తిరిగే గురికి కచ్చితత్వం తక్కువ కాబట్టి దాని కిరణాన్ని కావాలనే వెడల్పుగా వదులుతారు. మన ప్రశ్నకు ఆ పరికరాన్ని రూపొందించినవాళ్ళు ఎంచుకున్న జవాబు అదన్నమాట. వెలుగు తగ్గినా ఫర్వాలేదు, తగలడం ముఖ్యం.

దక్షిణార్ధగోళంలో వేసవి సెలవులు డిసెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటాయి. డిగ్రీ చదివే విద్యార్థులను ఆ నెలల్లో పరిశోధన బృందాల్లోకి తీసుకునే ఆనవాయితీ అక్కడ గట్టిగా ఉంది. అలా వచ్చిన విద్యార్థికి మొత్తం గ్రౌండ్ స్టేషన్ అప్పగించరు. ఒక ముక్క ఇస్తారు. మనం తీసుకునే ముక్క, పైకి పంపే కిరణానికి కావలసిన ఆప్టిక్స్. కింద చెప్పే కొలతలు ఏ ఒక్క కేంద్రానివీ కావు, పాఠకులు కాగితం మీద తామూ వేసి చూసుకోవడానికి వీలుగా తీసుకున్న మాదిరి డిజైన్‌వి. భౌతికశాస్త్రం మాత్రం అంతటా ఒకటే.

ఇంత ప్రయాస దేనికన్న ప్రశ్న సహజం. 8 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు దాదాపు 3.7 సెం.మీ. మన లేజర్ తరంగం దానికన్నా సుమారు 24 వేల రెట్లు చిన్నది. ఉపగ్రహం మీద 30 సెం.మీ. డిష్ పెట్టి ఆ రేడియోను వదిలితే వెయ్యి కి.మీ. దూరాన అది 120 కి.మీ. మేర పరుచుకుంటుంది. పంపిన శక్తిలో దాదాపు అంతా పొలాల మీద, సముద్రం మీద పడి పోతుంది. కాంతి అయితే ఉన్న శక్తినంతా ఒక ఇంటి పెరడంత చోట కుమ్మరిస్తుంది. పైగా ఒక కాంతి కిరణం మీద ఎక్కించగలిగే సమాచారం చాలా ఎక్కువ. 2023లో నాసా టీబర్డ్ అనే చిన్న పరికరం భూకక్ష్య నుంచి సెకనుకు 200 గిగాబిట్ల వేగంతో కాలిఫోర్నియాలోని గ్రౌండ్ స్టేషన్‌కు సమాచారం దించింది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు ఎప్పటికప్పుడు తమ దగ్గర పోగుపడే చిత్రాలను దించలేక అవస్థ పడుతున్న రోజులివి.

ఇరవై ఐదు మీటర్ల ముందుకు

మొదట విద్యార్థి చేతికి వచ్చేది లెన్స్ కాదు, లెక్క. ఒక వాట్ లేజర్, 20 మైక్రోరేడియన్ల కిరణం, వెయ్యి కి.మీ. దూరం, ఉపగ్రహం మీద 2 సెం.మీ. రంధ్రం. గాలిలో పోయే నష్టం పక్కన పెడితే ఆ రంధ్రంలోకి చేరేది సుమారు రెండు మైక్రోవాట్లు. కిరణాన్ని ఐదు రెట్లు వెడల్పుగా విచ్చుకోనిస్తే అది 80 నానోవాట్లకు పడిపోతుంది. కోణం ఐదింతలైతే వెలుగు ఇరవై అయిదో వంతు. కాబట్టి సన్నటి కిరణమే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆశను వెంటనే దెబ్బతీసే లెక్క ఇంకోటి ఉంది.

ఉపగ్రహం 500 కి.మీ. ఎత్తున, సరిగ్గా నెత్తి మీద ఉందనుకుందాం. దాని వేగం సెకనుకు 7.6 కి.మీ. అక్కడి నుంచి వెలుగు మన దాకా రావడానికి 1.7 మిల్లీసెకన్లు పడుతుంది. మనం చూస్తున్నది ఆ 1.7 మిల్లీసెకన్ల కిందటి ఉపగ్రహాన్ని. మనం పంపే వెలుగు అక్కడికి చేరడానికి మరో 1.7 మిల్లీసెకన్లు. ఈ రెండింటిలో అది 25 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. 20 మైక్రోరేడియన్ల కిరణం వెడల్పు ఆ ఎత్తున 10 మీటర్లే. అంటే కనిపిస్తున్న చోటికి పొల్లు పోకుండా గురిపెడితే కిరణం మొత్తం ఉపగ్రహం వెనక నుంచి వెళ్ళిపోతుంది. వేటగాడు ఎగిరే పక్షికి కొంచెం ముందు గురిపెడతాడని అందరికీ తెలుసు. కాంతి వేగంతో పోయే బాణానికి కూడా ఆ అవసరం ఉండడం, ఆ ‘కొంచెం’ కిరణం వెడల్పుకు రెండున్నర రెట్లు కావడం విద్యార్థిని నిజంగా ఆపి ఆలోచింపజేసే చోటు.

కోణంలో చూస్తే ఈ ముందు గురి 51 మైక్రోరేడియన్లు. అది స్థిరంగా కూడా ఉండదు. ఉపగ్రహం దిగంతం దగ్గర ఉన్నప్పుడు దాని వేగంలో ఎక్కువ భాగం మన వైపో, మన నుంచి దూరంగానో ఉంటుంది కాబట్టి ముందు గురి 20 దగ్గరకు తగ్గుతుంది, నెత్తి మీదికి వచ్చేసరికి 51కి పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. ఇదంతా పది నిమిషాల వ్యవహారం. ఆ పది నిమిషాల్లో టెలిస్కోప్ కూడా ఆకాశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్టి రావాలి. నెత్తి మీద ఉన్నప్పుడు సెకనుకు దాదాపు డిగ్రీ చొప్పున తిరగాలి.

అందుకే కిందికొచ్చే కాంతి దారిని, పైకి పోయే కాంతి దారిని ఒకే గీతలో పెట్టలేరు. పైకి పోయే దారిలో ఒక చిన్న అద్దం పెట్టి, దాన్ని కొద్దిగా వాల్చి ఆ తేడా తెస్తారు. ఇక్కడ డిజైనర్‌కు ఒక మేలు దొరుకుతుంది. లేజర్ నుంచి వచ్చే 5 మి.మీ. కిరణాన్ని 20 రెట్లు పెంచి 10 సెం.మీ. చేస్తున్నామనుకుందాం. వెడల్పును 20 రెట్లు పెంచే లెన్సుల జత కోణాన్ని 20 రెట్లు తగ్గిస్తుంది. బయట 51 మైక్రోరేడియన్లు రావాలంటే లోపల వెయ్యికి పైగా మైక్రోరేడియన్లు వాల్చాలి. అద్దం తిరిగిన దానికి రెట్టింపు కాంతి తిరుగుతుంది కాబట్టి అద్దం దాదాపు అరమిల్లీరేడియన్ తిరిగితే చాలు. మోటారుకు సులువుగా అందే కొలత అది. లోపల జరిగే చిన్న చిన్న పొరపాట్లు బయట ఇరవయ్యో వంతుగా మాత్రమే కనిపిస్తాయి. అయితే వాల్చిన కిరణం లెన్స్ మధ్యగా కాక కాస్త ఏటవాలుగా పోతుంది. అప్పుడూ అది మసకబారకుండా ఉండేలా లెన్స్ వంపులను ఎంచుకోవాలి. కంప్యూటర్‌లో కిరణాల దారులు గీసి చూసే సాఫ్ట్‌వేర్ ముందు విద్యార్థి గంటలు గంటలు కూర్చునేది ఇందుకే.

ఇంతకీ ఉపగ్రహం ఎక్కడుందో అంత కచ్చితంగా తెలుస్తుందా? బహిరంగంగా దొరికే కక్ష్యా వివరాల్లో కిలోమీటరు తేడా రావడం వింత కాదు. 500 కి.మీ. దూరాన కిలోమీటరంటే 2000 మైక్రోరేడియన్లు, మన కిరణానికి వంద రెట్లు. అందుకని మొదట కిరణాన్ని వెడల్పుగా వదిలి వెతకాలి. ఉపగ్రహానికి ఆ వెలుగు కనబడి అది తన కిరణాన్ని మన వైపు తిప్పిన తర్వాత, ఆ వచ్చిన కాంతిని పట్టుకుని గురి సరిచేసుకుంటూ మన కిరణాన్ని సన్నబరుచుకోవాలి. ‘ఎంత వెడల్పు’ అన్న ప్రశ్నకు ఒక అంకె చాలదని ఇక్కడ తేలిపోతుంది. వెడల్పు మారుతూ ఉండాలి.

పద్దెనిమిది మైక్రాన్లు

కిరణాన్ని పెంచే లెన్సుల జతకు రెండు పాత పద్ధతులున్నాయి. రెండూ టెలిస్కోప్‌లను తలకిందులు చేసినవే. కెప్లర్ పద్ధతిలో రెండు కుంభాకార లెన్సుల మధ్య కాంతి ఒక బిందువు దగ్గర కలుసుకుని మళ్ళీ విచ్చుకుంటుంది. గెలీలియో పద్ధతిలో మొదటి లెన్స్ పుటాకారం, కాంతి ఎక్కడా ఒకచోట కూడదు. పెద్ద శక్తి గల లేజర్ పల్స్‌లను వాడే కేంద్రాల్లో గెలీలియో పద్ధతే వాడతారు. కెప్లర్ జతలో ఆ కలిసే బిందువు దగ్గర శక్తి సాంద్రత ఎంత పెరుగుతుందంటే అక్కడి గాలే విచ్ఛిన్నమై మెరుపులా పేలగలదు. మన ఒక వాట్ నిరంతర కిరణానికి ఆ భయం లేదు కాని, గెలీలియో జత పొట్టిగా ఉంటుంది. మేడ మీద టెలిస్కోప్ పక్కన బిగించడానికి పొట్టితనం కలిసొస్తుంది.

మాదిరి డిజైన్‌లో చిన్న పుటాకార లెన్స్ నాభ్యంతరం 15 మి.మీ., పెద్ద లెన్స్‌ది 300 మి.మీ. రెండింటి మధ్య దూరం 285 మి.మీ. ఉండాలి. ఎంత కచ్చితంగా? ఇదే ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. దూరం 18 మైక్రాన్లు తప్పితే, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకన్నా తక్కువ తేడా వస్తే, వివర్తనం వల్ల వచ్చే విస్తరణకు సరిసమానమైన విస్తరణ అదనంగా చేరుతుంది. ఉపగ్రహం దగ్గర వెలుగు సగానికి పడిపోతుంది.

సరే, 18 మైక్రాన్ల కచ్చితత్వంతో బిగించారనుకుందాం. గొట్టం అల్యూమినియంది. డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అల్యూమినియం ప్రతి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. మన 285 మి.మీ. గొట్టం ఆరున్నర మైక్రాన్లు సాగుతుంది. మూడు డిగ్రీల తేడాతోనే ఆ 18 మైక్రాన్లు అయిపోయాయి. పెర్త్ వేసవిలో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటి, రాత్రికి 20 దగ్గరకు దిగే రోజులు మామూలే. మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు తీసి ఎండలో సరిచేసిన పరికరాన్ని రాత్రి వాడితే 15 డిగ్రీలకు దాదాపు వంద మైక్రాన్ల తేడా. కిరణం 20 బదులు 110 మైక్రోరేడియన్ల వెడల్పుతో పోతుంది, ఉపగ్రహానికి అందే వెలుగు ముప్ఫయ్యో వంతుకు తగ్గుతుంది. ఏ లెన్సూ పగల్లేదు, ఏ వైరూ ఊడలేదు. రాత్రయింది, అంతే. దీనికి తోడు లెన్స్ గాజు వక్రీభవన గుణకం కూడా వేడితో కొద్దిగా మారుతుంది.

దీనికి ఒక విరుగుడు ఇన్వార్. ఇనుము, నికెల్ కలిసిన ఈ మిశ్రలోహాన్ని 1896లో షార్ల్ ఎడువార్ గీయోమ్ కనిపెట్టాడు. లోహపు కొలబద్దలు వేడికి సాగకుండా ఉండేదేదైనా దొరుకుతుందా అని వెతుకుతూ చేసిన పని అది, 1920లో నోబెల్ బహుమతి తెచ్చింది. ఇన్వార్ గొట్టమైతే డిగ్రీకి అరమైక్రాన్ కూడా సాగదు. కాని బరువు, ఖరీదు ఎక్కువ, మరపట్టడం కష్టం. రెండో విరుగుడు నాకు మరింత నచ్చుతుంది. చిన్న లెన్స్‌ను కదిలే పీఠం మీద పెట్టి, మోటారుతో మైక్రాన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరపడం. ఉష్ణోగ్రత చూసుకుని దూరాన్ని సరిచేయవచ్చు. అంతకుమించి, ఉపగ్రహాన్ని వెతికేటప్పుడు కిరణాన్ని వెడల్పు చేయాలనుకున్నాం కదా, అదీ ఈ మోటారే చేస్తుంది. వెయ్యి మైక్రాన్లు, అంటే ఒక్క మిల్లీమీటరు జరిపితే చాలు, కిరణం వెయ్యికి పైగా మైక్రోరేడియన్లకు విచ్చుకుంటుంది. దొరికాక వెనక్కి జరిపితే 20కి వస్తుంది. రాత్రి చలి తెచ్చిపెట్టిన దోషమూ, వెతుకులాటకు కావలసిన గుణమూ ఒకే కదలికలో ఉన్నాయని గ్రహించడం మంచి డిజైన్‌కు నాంది.

పూతల సంగతి క్లుప్తంగా చెప్పినా వదలడానికి వీల్లేదు. పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. రెండు లెన్సులకు నాలుగు ఉపరితలాలు, 15 శాతం నష్టం. నష్టమే సమస్యైతే లేజర్ శక్తి కొద్దిగా పెంచి ఊరుకునేవాళ్ళు. అసలు బెడద ఆ వెనక్కి వచ్చిన కాంతి. ఒక వాట్‌లో 4 శాతమంటే 40 మిల్లీవాట్లు. అదే టెలిస్కోప్‌లో, పక్క దారిలో, ఉపగ్రహం నుంచి వచ్చే నానోవాట్ల కాంతి కోసం డిటెక్టర్ కాచుక్కూర్చుంది. దానికి లక్షల రెట్లు పెద్దదైన సొంత వెలుగు దాని మీద పడితే ఇంకేం వింటుంది? అందుకని ఉపరితలాలకు పల్చటి పొరల పూత వేస్తారు, పైకి కిందికి కొద్దిగా వేరువేరు తరంగదైర్ఘ్యాలు వాడి మధ్యలో వడపోత పెడతారు. ఇంకా అనుమానముంటే పంపే రంధ్రాన్నీ పట్టే అద్దాన్నీ పూర్తిగా విడదీస్తారు. 2013లో చంద్రుడి చుట్టూ తిరిగిన లాడీ నౌకతో మాట్లాడడానికి న్యూ మెక్సికోలో కట్టిన కేంద్రంలో పంపడానికి 15 సెం.మీ. టెలిస్కోప్‌లు నాలుగు, పట్టడానికి 40 సెం.మీ. టెలిస్కోప్‌లు నాలుగు వేరువేరుగా ఉన్నాయి. పంపేవి నాలుగుండడంలో ఇంకో ఉపాయముంది. నాలుగు కిరణాలు గాలిలో నాలుగు దారుల్లో పోతాయి కాబట్టి ఒకటి మినుకుమన్న క్షణాన మరొకటి నిలబడుతుంది. లాడీ మీద ఉన్నది అర వాట్ లేజరే. చంద్రుడి నుంచి సెకనుకు 622 మెగాబిట్లు పంపింది.

1550 నానోమీటర్లే ఎందుకన్నది మరో ప్రశ్న. ఆప్టికల్ ఫైబర్ పరిశ్రమ ఆ కాంతి చుట్టూనే పెరిగింది కాబట్టి లేజర్లు, యాంప్లిఫైయర్లు, డిటెక్టర్లు బజారులో దొరుకుతాయి. ఆ కాంతిని కంటి ముందుభాగమే పీల్చేస్తుంది, రెటీనా దాకా పోనివ్వదు. అంతమాత్రాన నిర్లక్ష్యం తగదు. మేడ మీద నుంచి ఆకాశంలోకి లేజర్ వదలాలంటే విమానయాన అధికారుల అనుమతి కావాలి, దారిలో విమానం వస్తే కిరణాన్ని ఆపే ఏర్పాటు కావాలి.

కింది పదిహేను కిలోమీటర్లు

వెయ్యి కి.మీ. దారిలో శూన్యం పెట్టే ఇబ్బంది దాదాపు లేదు. కష్టమంతా కింది 15, 20 కి.మీ. గాలిలోనే ఉంది. వేడి గాలి, చల్ల గాలి ముద్దలు ముద్దలుగా కలుస్తూ కదులుతుంటాయి. ఒక్కో ముద్ద వక్రీభవనం ఒక్కోలా ఉంటుంది. చుక్కలు మినుకుమనేది ఇందువల్లే. గాలి ఎంత నిలకడగా ఉందో చెప్పడానికి డేవిడ్ ఫ్రీడ్ 1960లలో ఒక కొలత ప్రతిపాదించాడు. ఎంత వెడల్పు వరకు కాంతి తరంగం చెదరకుండా దాదాపు ఒకేలా ఉంటుందో ఆ వెడల్పే కొలత. ఊరి మధ్య మేడ మీద కంటికి కనిపించే కాంతికి అది 5 సెం.మీ. ఉండవచ్చు. 1550 నానోమీటర్లకు అదే గాలిలో దాదాపు నాలుగు రెట్లు, 19 సెం.మీ. దాకా పెరుగుతుంది. పరారుణ కాంతిని ఎంచుకోవడానికి ఇదొక బలమైన కారణం. మన 10 సెం.మీ. కిరణం ఆ కొలతకు లోపలే ఉంది. 70 సెం.మీ. అద్దం మాత్రం నాలుగు రెట్ల దాకా మించిపోయింది. అది పట్టిన కాంతిని 9 మైక్రాన్ల ఫైబర్ గర్భంలోకి దూర్చాలంటే సెకనుకు వందలసార్లు ఆకారం మార్చుకునే అద్దాలతో గాలి చేసిన వంకరలను సరిదిద్దాలి.

పైకి పోయే కిరణానికి గాలి మరింత హాని చేస్తుంది. కారణం గాలి ఎక్కడుందన్నదే. కిందికొచ్చే కాంతి ప్రయాణమంతా ముగించుకుని చివర్లో గాలిలో చెదురుతుంది. పైకి పోయే కాంతి బయల్దేరగానే చెదురుతుంది, ఆ చిన్న వంకర వందల కిలోమీటర్ల పొడవునా పెద్దదవుతుంది.

ఈ గాలిని చదవడం తెలుగు నేల మీదా చాలాకాలంగా జరుగుతున్న పని. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ పై గాలుల కదలికనూ అలజడినీ కొలుస్తుంది. అక్కడే 1998 నుంచి లైడార్ ఉంది. అది 532 నానోమీటర్ల పచ్చటి లేజర్ పల్స్‌లను నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపి, గాలి వెనక్కి చెదరగొట్టిన కాంతిని టెలిస్కోప్‌తో పట్టి ఉష్ణోగ్రతలు, ధూళి పొరలు లెక్కగడుతుంది. అందులోనూ కిరణాన్ని వెడల్పు చేసి పంపే లెన్సులే ఉంటాయి, అదే కారణానికి. ఆ లైడార్ స్థాపనలో భాగస్వామి జపాన్ కమ్యూనికేషన్స్ రీసెర్చ్ లేబొరేటరీ. నేల నుంచి ఉపగ్రహంతో లేజర్ సంభాషణ జరిపిన తొలి బృందమూ వాళ్ళదే. 1994లో ప్రయోగించిన జపాన్ ఉపగ్రహం ఈటీఎస్-6 ఇంజిన్ పని చేయక అనుకున్న కక్ష్యకు చేరలేదు. అయినా టోక్యో శివార్లలోని కొగనేయి నుంచి వాళ్ళు దానితో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున కాంతితో మాట్లాడారు. 2001లో యూరప్ ఉపగ్రహం ఆర్టెమిస్‌దీ దాదాపు అదే కథ. రాకెట్ తక్కువ కక్ష్యలో వదిలేసింది. మెల్లగా పైకెక్కుతూ మధ్య దారిలో ఉండగానే టెనెరిఫె దీవిలోని కేంద్రంతో, ఆపైన స్పాట్-4 ఉపగ్రహంతో లేజర్ సంబంధం కుదుర్చుకుంది. తప్పుడు కక్ష్యల్లోని ఉపగ్రహాలను కూడా పట్టుకోగలిగారంటే గురిపెట్టే వ్యవస్థలను ఎంత ఓపికగా కట్టి ఉంటారో ఊహించవచ్చు.

పరికరం తయారయ్యాక అది సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఇది విద్యార్థికి చివర్లో ఎదురయ్యే చిక్కు. 10 సెం.మీ. కిరణం మొదటి ఐదు కిలోమీటర్ల దాకా పెద్దగా విచ్చుకోదు. గదిలో కాదు కదా, ఎదుటి భవనం మీద చూసినా మంచి కిరణానికీ చెడ్డ కిరణానికీ తేడా కంటికి ఆనదు. అందుకని పొడవైన నాభ్యంతరం ఉన్న మరో లెన్స్‌ను గానీ అద్దాన్ని గానీ కిరణానికి అడ్డంపెట్టి, నాభి దగ్గర కెమెరా ఉంచుతారు. అనంత దూరాన కిరణం ఎలా ఉంటుందో నాభి దగ్గర అచ్చం అలాగే, చిన్నగా కనిపిస్తుంది. 20 మైక్రోరేడియన్ల కిరణం మీటరు నాభ్యంతరంతో 20 మైక్రాన్ల చుక్క అవుతుంది. పరారుణ కెమెరాలో ఒక్కో గడి (పిక్సెల్) 15 మైక్రాన్లు ఉంటే అది ఒక గడికి కాస్త ఎక్కువ, ఆకారం తెలియదు. ఐదు మీటర్ల నాభ్యంతరమైతే వంద మైక్రాన్ల చుక్క, ఆరేడు గడులు. చిన్న లెన్స్‌ను పది మైక్రాన్ల చొప్పున జరుపుతూ ఒక్కో స్థానంలో ఆ చుక్కను కొలిచి గ్రాఫ్ గీస్తే, అట్టడుగు బిందువు సరైన దూరం చెబుతుంది. ఆ గ్రాఫ్‌ను 20 డిగ్రీల దగ్గర ఒకసారి, 35 దగ్గర ఒకసారి గీయాలి. ఇంటర్న్‌షిప్ నివేదికలో నేనైతే మొదట తిప్పి చూసే పుట అదే.

ఆ నివేదికకు అందని సమస్య ఒకటి మిగిలే ఉంది. కిందికొచ్చే కాంతిని చూసి గాలి ఎలా వంకరపెట్టిందో తెలుసుకుని, పైకి పంపే కిరణానికి ముందే ఎదురు వంకర పెట్టి పంపితే గాలి దాన్ని సరిచేస్తుంది కదా అన్న ఆలోచన చక్కటిది. అడ్డం వచ్చేది మళ్ళీ ఆ 51 మైక్రోరేడియన్లే. కిందికొచ్చే కాంతి ఒక గాలి దారిలో వస్తుంది, పైకి పోయే కాంతి 51 మైక్రోరేడియన్లు పక్కగా ఇంకో గాలి దారిలో పోతుంది. రెండు దారుల్లో గాలి ఒకేలా ఉందనుకోగలిగే కోణం 1550 నానోమీటర్ల దగ్గర సాధారణంగా 30, 40 మైక్రోరేడియన్లే. మనం కొలిచే గాలి ఒకటి, వెలుగు దూసుకుపోయే గాలి మరొకటి. 90 కి.మీ. ఎత్తున ఉండే సోడియం పరమాణువుల పొరను వేరే లేజర్‌తో వెలిగించి, ఉపగ్రహం చేరబోయే చోట ఒక కృత్రిమ నక్షత్రాన్ని నిలిపి, ఆ దారిలోని గాలినే నేరుగా కొలవాలన్నది ఇప్పుడు ప్రయత్నిస్తున్న మార్గాల్లో ఒకటి. దానికి ఇంకో లేజర్, ఇంకో లెన్సుల జత, ఇంకో గొట్టం కావాలి. వాటి మధ్య దూరం ఎన్ని మైక్రాన్ల దాకా తప్పవచ్చో తర్వాతి వేసవిలో వచ్చే విద్యార్థి లెక్క వేయాలి.